నెలల తరబడి కళ్ళు తిరగడం, నీరసం, ఒక పక్క తలనొప్పి. స్కాన్లన్నీ నార్మల్ వచ్చాక ఏం చూడాలి?

తూనికరాయి
ఈ మూడూ కలిసి ఉన్నవాళ్ళ ఫైలు తెరిస్తే చాలావరకు ఒకేలా ఉంటుంది. బ్రెయిన్ ఎమ్మారై నార్మల్. మెడ ఎక్స్‌రేలో స్పాండిలోసిస్, అంటే ఎముకల అరుగుదల, అని ఒక ముక్క. చెవి డాక్టరు తిరుగుడికి రాసిన బీటాహిస్టిన్, ఇంకొకరు రాసిన గ్యాస్ మాత్ర, మధ్యలో బి కాంప్లెక్స్. ఆఖరికి "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్న మాట. జబ్బుకు పేరు మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

స్కాన్ నార్మల్ అంటే తలలో గడ్డ, రక్తస్రావం లాంటివి లేవని. అంతవరకే. మైగ్రేన్ స్కాన్‌లో కనబడదు. లోపలి చెవిలో రాళ్ళు కదిలినా కనబడదు. నిలబడినప్పుడు గుండె పరిగెత్తడం, పడుకోబెట్టి తీసే ఈసీజీలో దొరకదు. ఐరన్ నిల్వలు అడుగంటినా ఎమ్మారైకి తెలియదు. నీరసానికి, తిరుగుడికి కారణాలు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి.

ముందు తేల్చుకోవాల్సింది ఎలా తిరిగిందన్నది కాదు. ఎంతసేపు తిరిగింది, ఏం చేస్తే తిరిగింది అన్నది. గిర్రున తిరిగిందా, తూలిందా, తేలినట్టుందా అని అడిగితే మనిషి ఇవాళ ఒకటి చెబుతాడు, రేపు ఇంకొకటి చెబుతాడు. సమయం అంతగా మారదు. పక్క మీద దొర్లినప్పుడో, అటక మీది డబ్బా కోసం తలెత్తినప్పుడో వచ్చి నిమిషంలోపు ఆగిపోతే చెవి రాళ్ళు, అంటే బీపీపీవీ. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మి, కూర్చుంటే సర్దుకుంటే బీపీ, గుండె వేగం సంగతి. 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా ఉండి, వెలుతురూ చప్పుడూ సహించకపోతే వెస్టిబ్యులర్ మైగ్రేన్, అంటే తిరుగుడుగా వచ్చే మైగ్రేన్ వైపు చూడాలి. 20 నిమిషాల నుంచి 12 గంటలు ఉండి, ఒక చెవి దిబ్బడ వేసి, హోరు పుట్టి, వినికిడి తగ్గుతుంటే మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు. మూడు నెలలకు పైగా దాదాపు రోజూ తూలుతున్నట్టుండి, నిలబడినా, రద్దీలోకి వెళ్ళినా, సూపర్ మార్కెట్ అరల మధ్య నడిచినా ఎక్కువైతే పీపీపీడీ, అంటే వదలకుండా ఉండిపోయే తూలుడు జబ్బు. దీని లక్షణాల పట్టికను చెవి, సమతుల్యం జబ్బుల అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లో ఖాయం చేసింది.

ఒకే మనిషిలో ఇవి రెండు మూడు ఉండొచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్ళకు చెవి రాళ్ళు కదలడం కూడా మిగతావాళ్ళకంటే ఎక్కువ. అందుకే "ఒక్కటే జబ్బు అన్నిటికీ కారణం" అని పట్టుబడితే దారి తప్పుతాం.

సిద్దిపేట_శీను
అన్నా, తలనొప్పి లేని రోజు గూడ కండ్లు తిరుగుతుంటే అది మైగ్రేన్ ఎట్లయితది? రెండూ ఒక్కసారే రావాలె గద.

తూనికరాయి
రావాలనేం లేదు శీనూ. బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి 2012లో పెట్టిన నియమాలు చూడు. మధ్యస్థంగానో తీవ్రంగానో కనీసం 5 సార్లు తిరుగుడు రావాలి. ఇప్పుడు గానీ ఒకప్పుడు గానీ మైగ్రేన్ ఉండాలి. వచ్చినవాటిలో సగం సార్లైనా మైగ్రేన్ గుర్తు ఒకటి తోడుండాలి. ఆ గుర్తు తలనొప్పే కానక్కర్లేదు. వెలుతురూ చప్పుడూ రెండూ పడకపోవడం, కళ్ళముందు మెరుపు గీతలు కనబడడం కూడా చాలు. చివరిది, వేరే జబ్బుతో లెక్క కుదరకూడదు. మిగతా సగం సార్లు ఉత్త తిరుగుడే వచ్చినా ఇబ్బంది లేదు.

చిన్నప్పుడు బస్సెక్కితే వాంతులు, నెలసరి ముందు ఒక పక్క కణత పోటు, అమ్మకో అక్కకో అదే నొప్పి ఉండటం. డాక్టరు అడక్కపోయినా ఇవి చెప్పాలి. ఇరవయ్యేళ్ళ కిందట వచ్చి పోయిన తలనొప్పి ఇప్పుడు తిరుగుడుగా రావడం మామూలే.

మందులచీటీ
మందుల వైపు నుంచి ఒక మాట. ఈ మూడు లక్షణాలతో ఉన్నవాళ్ళు వాడుతున్న మాత్రలే సగం కేసుల్లో జబ్బును లాగుతూ ఉంటాయని నా నమ్మకం. చీటీ లేకుండా దొరికేవే ఎక్కువ.

తలనొప్పి మాత్రలకు లెక్క ఉంది. ఒక్క పారాసిటమాలో, నాప్రోక్సెన్, ఇబుప్రొఫెన్ లాంటివో అయితే నెలకు 15 రోజులు. మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్లు, ఎర్గొటమిన్, ఇంకా ట్రమడాల్, రెండు మూడు మందులు కెఫీన్‌తో కలిపిన మాత్రలు అయితే నెలకు 10 రోజులు. ఆ హద్దు దాటి మూడు నెలలకు పైగా సాగితే, నొప్పి తగ్గించే మాత్రే నొప్పిని తెస్తుంది. లెక్క రోజులది, మాత్రలది కాదు. ఒక రోజు మూడు వేసుకున్నా ఒక రోజే. పదిహేను రోజులు రోజుకొకటి వేసుకుంటే మాత్రం హద్దు చేరినట్టే. కాబట్టి స్ట్రిప్పు వెనకాల పెన్నుతో తేదీ రాయండి. కిరాణా కొట్లో విడిగా కొన్న ఒక్క మాత్రను కూడా రాయండి. అందరూ మర్చిపోయేది అదే.

ఎర్గొటమిన్, కెఫీన్, పారాసిటమాల్, ప్రోక్లోర్‌పెరజిన్ నాలుగూ కలిసిన మాత్ర మన దగ్గర చాలా ఇళ్ళలో ఉంటుంది. గుండె జబ్బు, బీపీ, కాళ్ళ రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు దాన్ని ముట్టకూడదు. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే చేతులు, కాళ్ళ వేళ్ళకు రక్తం అందకుండా పోవచ్చు.

రెండోది తిరుగుడు మాత్రలు. ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ విపరీతంగా తిరుగుతూ వాంతులయ్యే రెండు మూడు రోజులకు మాత్రమే. నెలల తరబడి వేసుకుంటే మెదడు కొత్త సమతుల్యం నేర్చుకోవడం ఆగిపోతుంది. మత్తు, నీరసం అదనం. అరవై దాటినవాళ్ళలో చేతి వణుకు, నడక మెల్లబడడం, ముఖంలో కదలిక తగ్గడం వస్తాయి. దాన్ని చూసి పార్కిన్సన్స్ అనుకుని ఇంకో మందు మొదలుపెడతారు. వయసు మళ్ళినవాళ్ళ చీటీలో ఈ పేర్లు ఆర్నెల్లుగా ఉంటే, రేపే వెళ్ళి డాక్టరును "ఇది ఇంకా అవసరమా?" అని అడగండి.

లబ్బీపేట_రవి
మెడ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మెడ నరం నొక్కుకుపోతే కళ్ళు తిరుగుతాయి కదా. కాలర్ పెట్టుకుంటే కొందరికి తగ్గుతుంది.

నడక_ఫిజియో
రవి గారూ, నలభై దాటిన చాలామంది మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనబడుతుంది, తల తిరగనివాళ్ళకి కూడా. ఎక్స్‌రేలో అరుగుదల ఉంది, తల తిరుగుతోంది, కాబట్టి ఇది దానివల్లే అని ముడిపెట్టడం మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మెడ నరం నొక్కుకుంటే చెయ్యి లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. గది తిరగదు.

మెడ పట్టేసి ఉండటం నిజమే. కానీ మైగ్రేన్‌లోనే మెడ నొప్పి ఉంటుంది. పైగా తల కదిపితే తిరుగుతుందన్న భయంతో మెడను బిగబట్టి ఉంచుతారు, దాంతో ఇంకా పట్టేస్తుంది. కాలర్ వేస్తే తల కదలదు కాబట్టి తాత్కాలికంగా హాయి. వారాలపాటు వేసుకుంటే కండరాలు బలహీనపడతాయి, కదలికకు మెదడు అలవాటు పడదు. తీసిన రోజు ముందుకంటే ఎక్కువ తిరుగుతుంది.

ఇప్పుడు చెవి రాళ్ళ సంగతి వివరంగా రాస్తాను, సరిగ్గా చేస్తే ఒకట్రెండు సార్లలో పోయేది ఇదొక్కటే కాబట్టి.

ముందు ఏ చెవో తేలాలి. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. పడుకున్నప్పుడు భుజాల కిందికి వచ్చేలా వెనకాల దిండు పెట్టాలి. తలను కుడికి 45 డిగ్రీలు తిప్పి, అలాగే చటుక్కున వెనక్కి పడుకోవాలి. తల కొద్దిగా కిందికి వాలాలి. 30 సెకన్లు ఆగాలి. పక్కన ఉన్నవాళ్ళు కళ్ళు చూడాలి. కనుగుడ్లు మెలితిరిగినట్టు కొట్టుకుంటూ గిర్రున తిరిగితే కుడి చెవి. ఏమీ లేకపోతే లేచి కూర్చుని ఎడమ వైపు అదే చెయ్యాలి.

కుడి చెవి అని తేలితే ఎప్లీ, అంటే రాళ్ళను వాటి చోటికి పంపే కదలికలు. అదే భంగిమలో, తల కుడికి, తిరుగుడు ఆగేదాకా, కనీసం 30 సెకన్లు. తల ఎత్తకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ 30 సెకన్లు. ఇప్పుడు ఒళ్ళంతా ఎడమ పక్కకు దొర్లి, ముక్కు నేలవైపు చూసేలా తలను ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. మళ్ళీ 30 సెకన్లు. కాళ్ళు మంచం కిందికి వేసి, గడ్డం కిందికి వంచి మెల్లగా లేవాలి. ఎడమ చెవి అయితే కుడి, ఎడమలు తారుమారు.

పని చెయ్యకపోవడానికి కారణాలు దాదాపు ఇవే: దిండు భుజాల కింద కాక తల కింద పెట్టడం, తల తిప్పేటప్పుడు ఎత్తడం, తిరుగుడు మొదలవగానే భయపడి లేచిపోవడం, అసలు చెవి తప్పు పట్టుకోవడం. ఇంకొకటి, పడుకుని తల అటు తిప్పినా ఇటు తిప్పినా తిరుగుతుంటే రాళ్ళు లోపలి చెవి అడ్డ నాళంలో ఉండొచ్చు. దానికి ఎప్లీ పనికిరాదు, వేరే పద్ధతి ఉంది. ఎప్లీ తర్వాత రెండు రోజులు కూర్చుని నిద్రపోవాలన్నది పాత మాట, అక్కర్లేదు. మెడ ఆపరేషన్ అయినవాళ్ళు, రుమటాయిడ్ ఆర్థరైటిస్, రెటీనా ఊడిన చరిత్ర, మెడ రక్తనాళం పూడిక ఉన్నవాళ్ళు ఇంట్లో చెయ్యొద్దు.

సిద్దిపేట_శీను
నీరసం గురించి గూడ చెప్పుండ్రి. హిమోగ్లోబిన్ 12.1 ఉంటే ఆడోళ్ళకు రక్తం మంచిగున్నట్టే గద?

ల్యాబ్_లక్ష్మి
హిమోగ్లోబిన్ 12 అన్నది గీత, అంతే. శరీరం ముందు నిల్వలు ఖర్చుపెడుతుంది, హిమోగ్లోబిన్ తగ్గేది ఆ తర్వాతే. నిల్వలు చూపేది ఫెరిటిన్. అది 30 కంటే తక్కువుంటే ఐరన్ లోపమనే చాలామంది డాక్టర్లు లెక్కవేస్తారు, రిపోర్టులో "నార్మల్" అని పడినా సరే. ఒంట్లో వాపో జ్వరమో ఉంటే ఫెరిటిన్ దొంగగా పెరుగుతుంది, అందుకే దాంతోపాటు వాపును చూపే సీఆర్పీ చూడటం మంచిది. నెలసరి ఎక్కువయ్యే ఆడవాళ్ళు, మొలలున్నవాళ్ళు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

బి12 కూడా. 200 కంటే తక్కువైతే లోపమే, 200 నుంచి 300 మధ్య అనుమానం. శాకాహారులు, షుగర్‌కు ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, రోజూ పాంటప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళలో ఇది తరచూ తక్కువ ఉంటుంది. సూది వేయించుకున్నాక పరీక్షకు రావద్దు, నంబరు ఎక్కువ చూపి ఉపయోగం లేకుండా పోతుంది. ముందు రక్తం ఇవ్వండి, తర్వాత సూది.

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. ఇక్కడ ఒక చిక్కు: జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు చాలా మెషిన్లలో థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపిస్తాయి. పరీక్షకు రెండు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పాలి.

ఐరన్ మాత్ర విషయంలో: రోజుకు రెండు మూడు వేసుకుంటే త్వరగా పెరుగుతుందనుకోవడం తప్పు. రోజు విడిచి రోజు ఒక్కటి వేసుకుంటే పేగు బాగా పీల్చుకుంటుంది, మలబద్ధకం కూడా తక్కువ. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర పక్కన వద్దు. థైరాయిడ్ మాత్రకు, దీనికి 4 గంటల ఎడం ఉండాలి.

నడక_ఫిజియో
లక్ష్మి గారు చెప్పిన రక్తపరీక్షలతోపాటు ఖర్చు లేని పరీక్ష ఒకటి. బీపీ మెషిన్ చాలు. పొద్దున, కాఫీకి ముందు, 10 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. బీపీ, పల్స్ రాసుకోవాలి. లేచి, మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి, భుజాలు మాత్రం గోడకు ఆనించి నిలబడాలి. 1, 3, 5, 7, 10 నిమిషాలకు మళ్ళీ చూడాలి. మాట్లాడకూడదు, కాళ్ళు కదపకూడదు, పక్కన మనిషి ఉండాలి. పడిపోయేలా ఉంటే ఆపెయ్యాలి.

3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే అది నిలబడితే బీపీ పడిపోయే జబ్బు. బీపీ పడకుండా పల్స్ పడుకున్నప్పటికంటే 30కి మించి పెరిగి అలాగే ఉండిపోతే పాట్స్, అంటే నిలబడితే గుండె పరిగెత్తే జబ్బు అనుమానించాలి, 19 ఏళ్ళలోపు వాళ్ళకు 40. ఒక్క రోజు నంబరుతో ఖాయం చేసుకోవద్దు. రక్తహీనత, నీళ్ళు తక్కువ తాగడం, బీపీ మాత్ర, ప్రోస్టేట్‌కు వాడే టామ్‌సులోసిన్ కూడా ఇదే చేస్తాయి. ఉప్పు పెంచమని ఎవరో చెప్పారని బీపీ ఉన్నవాళ్ళు పెంచుకోవద్దు.

అమలాపురం_శారద
తలంటు పోసుకున్న రోజే నొప్పి రావడం, ఉపవాసం రోజు రావడం గురించి కూడా రాయండి. పెద్దవాళ్ళు పైత్యం అంటారు, పిల్లలు నమ్మరు.

తూనికరాయి
నిజమే శారద గారూ. తలంటుతో మైగ్రేన్ రావడాన్ని మన దేశపు డాక్టర్లే గమనించి రాశారు. జుట్టు త్వరగా ఆరబెట్టడం, మరీ వేడీ మరీ చల్లా కాని నీళ్ళు, ఖాళీ కడుపుతో తలంటుకోకపోవడం పనిచేస్తాయి. ఏకాదశో, కార్తీక సోమవారమో ఉపవాసముంటే మధ్యలో పండో పాలో తీసుకోవడం, నీళ్ళు మానకపోవడం ముఖ్యం. రోజూ మూడు కాఫీలు తాగేవాళ్ళు ఉపవాసం పేరుతో కాఫీ ఒక్కసారే మానేస్తే, ఆ నొప్పి ఆకలిది కాదు, కాఫీది.

స్నానం నుంచి బయటికొచ్చాక ప్రతిసారీ తల బరువు, తిరుగుడు, వాంతి వచ్చినట్టు ఉండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అదే జరుగుతుంటే మైగ్రేన్ అనుకోవద్దు. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందేమో చూడండి. కిటికీ మూసి వాడితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. వాసన ఉండదు. ప్రాణాలు పోయే ప్రమాదం అది. గీజర్‌ను బయట గోడకు మార్పించండి.

లబ్బీపేట_రవి
మైగ్రేనే అని తేలాక రోజూ వేసుకునే మందు ఏడాది వాడినా లాభం లేదంటారు చాలామంది. నిజమేనా?

మందులచీటీ
సరిగ్గా వాడలేదేమో ముందు చూడాలి రవి గారూ. ఎమిట్రిప్టిలిన్ రాత్రి 10 ఎంజీ, ప్రొప్రానలాల్ 20 ఎంజీ రెండు పూటలు, ఫ్లునారిజిన్ రాత్రి 5 ఎంజీ, టోపిరామేట్ 25 ఎంజీ. ఇవి మొదలుపెట్టే మోతాదులు, చాలామందికి పనిచేసే మోతాదులు కావు. డాక్టరు మెల్లగా పెంచాలి, పెంచిన మోతాదు మీద 8 నుంచి 12 వారాలు చూడాలి. మన దగ్గర జరిగేదేమిటంటే, పదిహేను రోజులకు "తగ్గలేదు" అని మానేస్తారు, ఇంకో డాక్టరు ఇంకోటి 10 ఎంజీతో మొదలుపెడతారు. అలా నాలుగు మందులు "పని చెయ్యలేదు" అని ఫైల్లో పడతాయి. ఏదీ నిజంగా వాడి చూసినట్టు కాదు.

ఎవరికి ఏది వద్దో కూడా తెలియాలి. ఆస్తమా ఉంటే ప్రొప్రానలాల్ వద్దు, వాడుతుంటే ఒక్కసారే ఆపొద్దు. దానితోపాటు రిజాట్రిప్టాన్ వేసుకుంటే ఒక్కసారికి 5 ఎంజీ మించకూడదు. కిడ్నీలో రాళ్ళొచ్చినవాళ్ళకు టోపిరామేట్ వద్దు. దిగులు ఉన్నవాళ్ళకు ఫ్లునారిజిన్ వద్దు, బరువు కూడా పెంచుతుంది. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకు వాల్‌ప్రోయేట్ వద్దు, టోపిరామేట్ కూడా ప్రమాదమే. కళ్ళముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్ర వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క గైనకాలజిస్టుకు చెప్పకుండా వదిలేస్తారు.

బీటాహిస్టిన్ గురించి అడిగేవాళ్ళుంటారు. అది మెనియర్స్ కోసం వచ్చిన మందు. 2016లో వచ్చిన ట్రయల్‌లో అక్కడ కూడా ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. మైగ్రేన్ తిరుగుడికి ఏళ్ళ తరబడి దాన్నే నమ్ముకోవడం దండగ.

నడక_ఫిజియో
పీపీపీడీకి, చెవి నరం దెబ్బతిన్నవాళ్ళకు వ్యాయామమే అసలు మందు. ఒక విజిటింగ్ కార్డు మీద పెద్ద అక్షరం రాసి చెయ్యి చాచినంత దూరంలో పట్టుకోవాలి. కళ్ళు దానిమీదే ఉంచి తలను అడ్డంగా కొద్దికొద్దిగా తిప్పాలి. అక్షరం మసకబారనంత వేగమే సరైన వేగం. మసకబారితే తగ్గించాలి. నిమిషం సేపు, తర్వాత తల పైకీ కిందికీ ఇంకో నిమిషం. రోజుకు మూడు పూటలకు తక్కువ కాకుండా, దీర్ఘకాలంగా ఉన్నవాళ్ళు మొత్తం 20 నిమిషాలకు చేరాలి.

కొద్దిగా తిరగాలి, పావుగంటలో సర్దుకోవాలి. గంటలకొద్దీ పడుకోవాల్సి వస్తే ఎక్కువైనట్టు, సగానికి తగ్గించండి. మైగ్రేన్ అదుపులోకి రాకముందే జోరుగా మొదలుపెడితే దాడులు పెరిగి "వ్యాయామం పడలేదు" అని మానేస్తారు. ముందు మందు, నాలుగైదు వారాలకు వ్యాయామం.

ఒక మినహాయింపు: చిన్న పని చేసినా మర్నాడు మంచం దిగలేనంత కుదేలై, ఇది ఆర్నెల్లుగా ఉంటే, కోవిడ్ తర్వాత మొదలైనా సరే, రోజూ కొంచెం పెంచుతూ పొమ్మన్న సలహా హాని చేస్తుంది. ఆ మనిషి అలసట రాకముందే ఆగడం నేర్చుకోవాలి.

తూనికరాయి
ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాల్సినవి కూడా రాసి ఉంచుతున్నాను. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో శిఖరానికి చేరిన తలనొప్పి. మూతి వంకర, మాట తడబాటు, ఒకటి రెండుగా కనబడడం, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం. జ్వరంతో మెడ బిగుసుకోవడం. కాన్పయిన వారాల్లో కొత్తగా వచ్చిన ఎడతెగని తలనొప్పి: మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం మన దగ్గర బాలింతల్లో చూస్తుంటాం, నీళ్ళు తాగనివ్వకపోవడం కూడా దానికి తోడవుతుంది. 108కి ఫోన్ చెయ్యండి. పక్షవాతం అయితే గడ్డ కరిగించే సూదికి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

యాభై దాటాక కొత్తగా ఒక కణత నొప్పి, దువ్వెన పెడితే నొప్పి, నమిలితే దవడ లాగడం, ఒళ్ళంతా నీరసం ఉంటే అదే రోజు ఈఎస్సార్, సీఆర్పీ రక్తపరీక్షలు. కణత ధమని వాపైతే చూపు పోవచ్చు, స్టెరాయిడ్ ఆలస్యం చెయ్యకూడదు.

ఒక చెవే వినికిడి తగ్గితే ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష, దాన్నిబట్టి చెవి నరానికి ప్రత్యేకంగా ఎమ్మారై. అలాగే నెలల తరబడి ఎప్పుడూ ఒకే పక్క, ఒక్క రోజూ పూర్తిగా పోకుండా, ఆ పక్క కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతూ నొప్పి ఉంటే ఇండోమెథసిన్ వాడి చూశారా అని న్యూరాలజిస్టును అడగండి. అది హెమిక్రేనియా కంటిన్యువా అనే తలనొప్పి అయితే ఆ ఒక్క మందుకే పూర్తిగా లొంగుతుంది.

అమలాపురం_శారద
డాక్టరు దగ్గర దొరికేది ఐదు నిమిషాలు. ఏం పట్టుకెళ్ళాలి?

మందులచీటీ
ఒకే కాగితం, శారద గారూ. నాలుగు వారాలది. ఒక్కో రోజుకు ఒక్క వరుస: తిరుగుడు ఎన్ని నిమిషాలు, ఏం చేస్తుంటే మొదలైంది, నొప్పి ఏ పక్క, వెలుతురు పడలేదా, వేసుకున్న మాత్ర పేరు, నెలసరి రోజైతే చుక్క. అడుగున ఇప్పటిదాకా వాడిన మందులు: పేరు, ఎంత మోతాదు దాకా పెంచారు, ఎన్ని వారాలు వాడారు, ఎందుకు మానేశారు. తిరుగుతున్నప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్‌తో కళ్ళు దగ్గరగా ఇరవై సెకన్లు వీడియో తీస్తే ఇంకా మంచిది, ఏ వైపు కొట్టుకుంటున్నాయో చూసి చెవిదా మెదడుదా అన్నది డాక్టరు చాలావరకు చెప్పగలరు. రెప్ప వేలితో పైకెత్తి, లైటు వేసి తియ్యండి, లేకపోతే వీడియోలో కనుగుడ్డు కనబడదు.